పనివాని వకాల్తా: ఉద్యోగ వివాదములలో న్యాయవాది స్థానము, వృత్తిధర్మము

తెలుగున "వకాల్తా పుచ్చుకొనుట" యను పలుకుబడి కలదు. ఒకరి పక్షమున మరియొకరు మాటాడుట దాని యర్థము. అడుగని తగవులో తలదూర్చిన వానిని "వానికి నీ వకాల్తా యేమి?" అని నిలదీయుట లోకమున వాడుక. కచేరీల ద్వారా మన భాషలోనికి వచ్చిన ఈ యన్యదేశ్యములో ఒక న్యాయసూత్ర మిమిడి యున్నది. ఇతరుని పక్షమున పలుకువాడు ఆ యధికారము తన కెట్లు సంక్రమించెనో చూపవలెను. సంక్రమించిన పిదప దానిని నమ్మకముగా నిర్వహింపవలెను.

ఉద్యోగికిని యజమానికిని నడుమ పుట్టు తగవులలో ఈ సూత్రము మన దేశమున నూరేండ్లకు పైగా పరీక్షకు నిలిచినది. పనివాని పక్షమున ఎవరు పలుకవలెను? వెలుపలినుండి వచ్చిన నాయకుడా, సంఘ కార్యవర్గమా, ఫీజు పుచ్చుకొను వకీలా? ఈ మూడు సమాధానములును వేర్వేరు కాలములందు ప్రాధాన్యము వహించినవి. ఆ క్రమమును చూపి, సంఘబలము కొరవడిన నేటి ఉద్యోగికి న్యాయవాది వృత్తిధర్మమే ముఖ్యమైన రక్షణ యని నిరూపించుట ఈ వ్యాసమున కుద్దేశము.

హూడి: రెండు తరముల ఉద్యోగములు

హూడి బెంగుళూరు నగరపు తూర్పు భాగమున, కృష్ణరాజపురమునకును వైట్‌ఫీల్డునకును నడుమ నున్నది. బెంగుళూరునుండి జోలార్‌పేటకు పోవు రైలుమార్గమున హూడి హాల్టు కలదు. 2023 మార్చి 25న మెట్రో రైలు కూడ ఈ దారిని నడువ నారంభించినది. సమీపముననే దూరవాణినగరమున 1948లో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ స్థాపింపబడెను. ఆ కర్మాగారపు కార్మికులకు సంఘముండెను. 1980-81లో బెంగుళూరు ప్రభుత్వరంగ సంస్థల కార్మికులు సాగించిన దీర్ఘమైన సమ్మెలో వారును పాల్గొనిరి. మరియొక దిక్కున, భారత సింగపూరు సంయుక్త ప్రయత్నముగా 1994లో తలపెట్టబడిన ఇంటర్నేషనల్ టెక్ పార్కు వైట్‌ఫీల్డు స్వరూపమును మార్చివేసినది. దానివెంట సాఫ్ట్‌వేరు సంస్థలును, వానితో వేలకొలది తెలుగు కుటుంబములును ఈ ప్రాంతమునకు వచ్చి చేరినవి.

ఒకే ప్రాంతమున రెండు తరముల ఉద్యోగములు ఇట్లు పక్కపక్కన నిలిచినవి. తగవు వచ్చినప్పుడు మొదటి తరమువాడు యూనియను కచేరికి పోయెడివాడు. రెండవ తరమువాడు నియామక పత్రమును చేతబట్టుకొని ఒంటరిగా వకీలును వెదకుచున్నాడు. 2017లో కర్ణాటకమున ఐటీ ఉద్యోగులకును ఒక సంఘ మేర్పడినది. ఐనను కర్మాగారములలో వలె సంఘసభ్యత్వము ఈ రంగమున పరిపాటి కాలేదు. ఈ మార్పుయొక్క బరువు తెలియవలెనన్నచో వెనుకటి చరిత్రను చూడవలెను.

మాట తప్పుట నేరమైన కాలము

1859వ సంవత్సరపు 13వ చట్టము ప్రకారము, బయానా పుచ్చుకొని పనికి రాని చేతిపనివాడును కూలివాడును మేజిస్ట్రేటు ఎదుట నిలువవలసి యుండెను. సొమ్ము తిరిగి యిమ్మనియో, ఒప్పుకొనిన పని చేయుమనియో మేజిస్ట్రేటు ఉత్తరువు చేసెడివాడు. దానిని పాటింపనివానికి మూడు నెలల వరకు చెరసాల విధింపవచ్చును. యజమాని మాట తప్పినచో అట్టి శిక్ష లేదు. ఒకే ఒడంబడికను ఒకడు మీరిన అది వ్యాజ్యము, మరియొకడు మీరిన అది నేరము. ఈ చట్టమును రద్దు చేయుటకు 1925లో గాని శాసనము కాలేదు.

అట్టి కాలమున పనివానికి వకీలు ఉండుట యరుదు. వకీలునకు ఫీజు కావలెను. పనివాని వద్ద ఉన్నదెల్ల తీర్చవలసిన బయానా బాకీయే. కావున మొదట వాని పక్షమున పలుకుటకు వచ్చినవారు వకీళ్లు కారు, ప్రజానాయకులు.

మద్రాసు మిల్లులు, నాయకుని మెడపై వ్యాజ్యము

1918 ఏప్రిలు 27న మద్రాసు లేబర్ యూనియను ఏర్పడెను. బకింగ్‌హాము, కర్ణాటిక్ మిల్లుల కార్మికుల కొరకు జి. సెల్వపతి చెట్టి, జి. రామానుజులు నాయుడు మున్నగువారు పూనుకొనగా, బి. పి. వాడియా దానికి అధ్యక్షుడయ్యెను. 1920లో మిల్లు మూతపడినప్పుడు యాజమాన్యము వాడియా ప్రభృతులపై ఉన్నత న్యాయస్థానమున దావా వేసెను. కార్మికులు తమతో చేసుకొనిన ఒడంబడికను మీరునట్లు నాయకులు పురికొల్పి నష్టము కలిగించిరని దాని సారాంశము. న్యాయస్థానము నాయకులపై నిషేధపుటుత్తరువు నిచ్చినది. పిదప కుదిరిన రాజీలో వాడియా యూనియనుతో సంబంధమును వదలుకొనవలసి వచ్చినది.

పనివాని పక్షమున పలికినవానిని శిక్షించుట ద్వారా పనివానిని మూగవానిని చేయవచ్చునని ఈ వ్యాజ్యము లోకమునకు చాటెను. 1921లో ఎన్. ఎం. జోషి కేంద్ర శాసనసభలో తీర్మానము తెచ్చుటకు ఇదియే ప్రేరణ. దాని ఫలముగా 1926లో ట్రేడ్ యూనియనుల చట్టము వచ్చినది. ఉద్యోగపుటొడంబడికను మీరుటకు ప్రేరేపించెనను కారణము మాత్రమున రిజిస్టరైన సంఘముపైగాని దాని నాయకులపైగాని పారిశ్రామిక వివాద సందర్భమున దావా చెల్లదని 18వ సెక్షను నిర్ణయించెను. వెలుపలివారు కూడ సంఘ కార్యవర్గమున ఉండవచ్చునని ఆ చట్టమే అంగీకరించెను. నాయకుని వకాల్తాకు శాసనసమ్మతి ఆనాడు లభించినది.

వరాహగిరి వేంకటగిరి: న్యాయస్థానమును శంకించిన బారిష్టరు

ఈ చరిత్రలో తెలుగువారికి ప్రత్యేక స్థానము కల్పించినవారు వరాహగిరి వేంకటగిరి. వీరు 1894 ఆగస్టు 10న బరంపురమున జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. 1913లో డబ్లిను నగరమునకు న్యాయశాస్త్రాభ్యాసమునకై వెడలి, అచ్చటి స్వాతంత్ర్యోద్యమ ప్రభావమునకు లోనై, 1916లో స్వదేశమునకు మరలి వచ్చిరి. న్యాయవాదవృత్తికన్న రైల్వే కార్మికుల సేవయే వీరి నెక్కువగా ఆకర్షించెను. బెంగాల్ నాగపూరు రైల్వే కార్మికోద్యమమును నడపి, 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు అధ్యక్షత వహించిరి. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి, మద్రాసు రాష్ట్రమున కార్మిక శాఖామాత్యు లైరి. 1952లో కేంద్ర ప్రభుత్వమున ఆ శాఖనే చేపట్టిరి.

1947నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ప్రభుత్వమునకు ఒక పెద్ద యధికారము నిచ్చినది. తగవును ఏ పక్షము కోరకున్నను ట్రిబ్యునలునకు పంపవచ్చును. దాని తీర్పు ఇరువురకును విధిగా చెల్లును. గిరిగారి కిది సమ్మతము కాదు. ఇరుపక్షములును ఎదురెదురుగా కూర్చుండి బేరమాడుకొనవలెననియు, తీర్పునకై పరుగిడుట సంఘములను నిర్వీర్యము చేయుననియు వీరి మతము. 1952 అక్టోబరున నైనితాలులో జరిగిన భారత కార్మిక మహాసభలో ఈ వాదమును గట్టిగా వినిపించిరి. పండితులు దీనికి "గిరి మార్గ"మని పేరు పెట్టిరి. న్యాయశాస్త్రము చదివినవారే న్యాయస్థానమును శంకించుట గమనింపదగినది.

ఐనను 1954లో వీరు చేసిన పని ఇంకను గమనింపదగినది. బ్యాంకు ఉద్యోగుల వివాదమున కార్మిక అప్పిలేటు ట్రిబ్యునలు ఇచ్చిన నిర్ణయమును ప్రభుత్వము ఉద్యోగులకు నష్టము కలుగునట్లు మార్చగా, గిరిగారు మంత్రిపదవికి రాజీనామా యిచ్చిరి. తీర్పులమీద ఆధారపడరాదని బోధించినవారే, ఒకసారి ఇచ్చిన తీర్పును మన్నింపవలెనని పదవిని త్యజించిరి. ఇందు వైరుధ్యము లేదు. ఏ మార్గమున మాట యిచ్చినను ఆ మాట నిలువవలెననుట వీరి భావము. పిమ్మట గజేంద్రగడ్కరు కమిషను ఆ వివాదమును మరల విచారింపగా, 1955లో ప్రత్యేక శాసన మేర్పడెను. గిరిగారు 1965 నుండి 1967 వరకు మైసూరు రాష్ట్ర గవర్నరుగా బెంగుళూరున నుండిరి. 1969 నుండి 1974 వరకు రాష్ట్రపతి పదవి నలంకరించిరి.

వాకిట నిలిచిన వకీలు

గిరిగారి కున్న శంకయే మరియొక రూపమున శాసనమునకును ఉండెను. పారిశ్రామిక వివాదముల చట్టపు 36వ సెక్షను ప్రకారము కార్మికుని పక్షమున సంఘ కార్యవర్గమువారును, యజమాని పక్షమున యజమానుల సంఘపు అధికారులును పలుకవలెను. రాజీ అధికారి ఎదుట జరుగు విచారణలో న్యాయవాదికి ప్రవేశమే లేదు. కార్మిక న్యాయస్థానమునందును, ట్రిబ్యునలునందును అతడు వాదింపవలెనన్నచో ప్రతిపక్షపు సమ్మతియు, న్యాయాధికారి అనుమతియు రెండును కావలెను. ఎక్కువ సొమ్ము గల పక్షము పెద్ద వకీలును దెచ్చి బీదవానిని చట్టపు చిక్కులలో ముంచునను భయమే దీనికి మూలము.

ఈ కట్టడిని యజమానులు కొందరు ఒక ఉపాయముచే దాటిరి. న్యాయవాదినే తమ సంఘపు అధికారిగా నియమించి పంపిరి. పారాదీప్ పోర్టు ట్రస్టు వివాదమున 1976లో సుప్రీంకోర్టు ఈ విషయమును పరిశీలించినది. వట్టి న్యాయవాదిగా వచ్చువానికి సమ్మతియు, అనుమతియు తప్పవు. కాని సంఘపు అధికారిగా వచ్చువానికి అవి యక్కరలేదు. అతడు ఏ యుద్దేశముతో ఆ పదవిలో నియమింపబడెనో ట్రిబ్యునలు విచారింపరాదు అని నిర్ణయించినది. ఈ సూత్రము ఇరుపక్షములకును సమముగనే వర్తించును. ఐనను శాసనము ఉద్దేశమును విచారింపజాలని చోటు ఒకటి యున్నదని దీనివలన స్పష్టమైనది. ఆ చోట పనిచేయవలసినది వృత్తిధర్మము.

2020నాటి పారిశ్రామిక సంబంధముల కోడు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చి, 1926, 1947 చట్టముల స్థానము నాక్రమించినది. న్యాయవాదుల ప్రవేశమును గూర్చిన పాతనియమమును మాత్రము అది విడువలేదు.

వృత్తిధర్మము: నియమములు, నిదర్శనములు

న్యాయవాదుల నడవడికను గూర్చిన శాసనములు 1879నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టము, 1926నాటి బార్ కౌన్సిళ్ల చట్టము, 1961నాటి అడ్వొకేట్ల చట్టము అను క్రమమున వృద్ధినొందినవి. భారత బార్ కౌన్సిలు 1975లో వెలువరించిన నియమములు న్యాయస్థానము, కక్షిదారు, ప్రతిపక్షి, తోటి న్యాయవాది అను నలుగురి యెడలను న్యాయవాదికి గల విధులను వేర్వేరుగా చెప్పుచున్నవి. ఉద్యోగ వివాదమున కక్కరకు వచ్చు వానిని మాత్ర మిట పేర్కొనుట చాలును.

మొదటిది ఫీజు. గెలిచినచో వచ్చు సొమ్ములో వంతు కోరుట నిషిద్ధము. 1954లో సుప్రీంకోర్టు ఒక సీనియరు న్యాయవాది విషయమున ఈ సూత్రమును నిలిపినది. ఇతరులు చేసుకొనినచో చెల్లదగిన ఒడంబడికయే న్యాయవాది చేసుకొనినచో దోషమగునని ఆ తీర్పు సారాంశము. వ్యాజ్యములో తానును వాటాదారుడైనవాడు కక్షిదారునకు నిష్పక్షపాతముగ సలహా యీయజాలడు. రాజీ మేలా, పోరు మేలా యని ఉద్యోగి అడిగినప్పుడు వకీలు తన వంతును లెక్కించుకొనుచు బదులు చెప్పరాదు గదా!

రెండవది కాగితములు. ఉద్యోగి ఇచ్చిన నియామక పత్రము, జీతపు పట్టీలు, లేఖలు వకీలు వద్ద చేరును. ఫీజు బాకీ యున్నదని వానిని పట్టియుంచవచ్చునా? ఒక సహకార బ్యాంకునకు న్యాయసలహాదారుగా నుండిన యొకరు బ్యాంకు కాగితముల నట్లు ఆపగా, 2000వ సంవత్సరమున సుప్రీంకోర్టు అది వృత్తిదోషమని తేల్చెను. ఫీజునకై వేరుగా దావా వేసికొనవచ్చును. కక్షిదారుని కాగితములు కుదువ సొత్తు కావు.

మూడవది పక్షము. ఒక వ్యవహారమున ఒక పక్షమునకు సలహా చెప్పినవాడు అదే వ్యవహారమున ఎదుటి పక్షము వహింపరాదు. ఎదుటివానికి వకీలున్నచో, వకీలును దాటి వానితో నేరుగా సంప్రదింపరాదు. తన కక్షిదారు అన్యాయమైన పనికి పూనినచో వారింపవలెను, వినకున్నచో విడువవలెను. ఈ కడపటి నియమము యజమాని వకీలునకు చాల ముఖ్యము. "రాజీనామా వ్రాసి యిమ్ము, లేనిచో తొలగింతుము" అని ఉద్యోగిని ఒక గదిలో కూర్చుండబెట్టు పద్ధతికి పత్రములు సిద్ధము చేసి యిచ్చు వకీలు ఈ నియమమును మరచినవాడే యగును.

నాల్గవది జీతపు వకీలు. పూర్తికాలపు జీతముపై ఉద్యోగము చేయుచు న్యాయవాదిగా వృత్తి సాగింపరాదని 49వ నియమము. సంస్థలోని న్యాయవిభాగపు అధికారి ఉద్యోగికి స్నేహితుడుగా కనబడవచ్చును గాని, అతడు చెప్పుమాట సంస్థ మాటయే. న్యాయవాది కక్షిదారుల నడుమ సంభాషణలకు సాక్ష్యచట్టము కల్పించిన రక్షణ ఇట్టి జీతపు సలహాదారునకు పూర్తిగా వర్తింపదని 2025 అక్టోబరున సుప్రీంకోర్టు చెప్పియున్నది.

ఈ నియమములను మీరినవానిపై రాష్ట్ర బార్ కౌన్సిలునకు ఫిర్యాదు చేయవచ్చును. అడ్వొకేట్ల చట్టపు 35వ సెక్షను క్రింద మందలింపు, కొంతకాలము వృత్తినుండి తొలగింపు, పట్టికనుండి పేరు కొట్టివేత యను శిక్షలు కలవు. న్యాయవాది సేవ వినియోగదారుల చట్టము క్రిందికి రాదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు నిర్ణయించుటచే, ఈ ఫిర్యాదు మార్గమునకు ప్రాముఖ్యము మరింత హెచ్చినది.

బెంగుళూరు తీర్పు, నేటి ప్రశ్నలు

ఉద్యోగచట్ట చరిత్రలో బెంగుళూరు పేరు చిరస్థాయిగా నిలిపిన తీర్పు 1978 ఫిబ్రవరి 21న వెలువడినది. బెంగుళూరు నీటి సరఫరా మండలి తన ఉద్యోగులు కొందరిపై జుల్మానాలు విధించి వసూలు చేసినది. సహజన్యాయమునకు విరుద్ధముగా శిక్షించిరని వారు కార్మిక న్యాయస్థానము కెక్కిరి. మండలి "మాది పరిశ్రమ కాదు" అని వాదించినది. ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ వాదమును త్రోసిపుచ్చినది. యజమాని ఉద్యోగుల సహకారముతో, క్రమబద్ధముగా, జనుల కోరికలు తీర్చు వస్తువులనో సేవలనో కల్పించు వ్యాపారము పరిశ్రమయే యనియు, లాభాపేక్ష లేకున్నను అది మారదనియు తీర్పు. స్వల్పమైన జుల్మానాలనుండి పుట్టిన తగవు వైద్యశాలలను, విద్యాసంస్థలను సైతము కార్మికచట్టపు పరిధిలోనికి తెచ్చెను. ఈ నిర్వచనమును తొమ్మిదిగురు న్యాయమూర్తులు పునఃపరిశీలింపవలెనని 2017లో నివేదింపబడినది. 2020 కోడు మాత్రము ధర్మసంస్థల సేవలు, ప్రభుత్వపు సార్వభౌమ కార్యములు, గృహసేవ మున్నగువానిని మినహాయించుచు తనదైన నిర్వచనమును వ్రాసికొనినది.

సంస్థ పరిశ్రమ యని తేలినను, ఉద్యోగి "కార్మికుడు" అగునా కాడా యను ప్రశ్న మిగులును. హూడి ఉద్యోగికి తగులునది ఈ ప్రశ్నయే. 1958లో డిమాకుచి తేయాకు తోట వైద్యుడు కార్మికుడు కాడని సుప్రీంకోర్టు చెప్పినది. పిమ్మటి తీర్పులలో పదవి పేరు ప్రధానము కాదనియు, ముఖ్యముగా చేయు పనియే ప్రధానమనియు సూత్ర మేర్పడినది. "మేనేజరు" అని బిరుదు పెట్టినంతమాత్రమున సాంకేతికపు పని చేయువాడు చట్టరక్షణ కోల్పోడు. కర్ణాటక ప్రభుత్వము 2014లో ఐటీ సంస్థలకు స్టాండింగ్ ఆర్డర్ల చట్టమునుండి షరతులతో మినహాయింపు నిచ్చి 2019లో పొడిగించెను. ఆ మినహాయింపు ఆ యొక్క చట్టమునకు సంబంధించినది మాత్రమే. 1961నాటి కర్ణాటక దుకాణములు, వాణిజ్య సంస్థల చట్టమున, ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సహేతుకమైన కారణము లేక, నెల నోటీసు లేక తొలగింపరాదను రక్షణ వేరుగా కలదు.

పనికి రాలేదను నెపమున విచారణ లేకయే పేరు కొట్టివేయుటను గూర్చి, తెలుగు న్యాయమూర్తి కె. రామస్వామిగారు 1993లో డి. కె. యాదవు వ్యాజ్యమున చెప్పిన తీర్పు స్మరింపదగినది. స్వయంచాలకముగ ఉద్యోగము పోవునను నిబంధన యున్నను, ఉద్యోగి చెప్పుకొను మాట వినక తొలగించుట చెల్లదని వారు నిర్ణయించి, సగము వెనుకటి వేతనముతో అతనిని పనిలో చేర్పించిరి. దీనికి ఎదుటి వైపు తీర్పులును కలవు. కనీసము మూడేండ్లు పనిచేయక విడిచినచో 2 లక్షల రూపాయలు చెల్లింపవలెనను విజయా బ్యాంకు ఒడంబడిక చెల్లునని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పినది. ఈ రెండింటిని ఉద్యోగికి యథాతథముగా తెలుపుట వకీలు ధర్మము. గెలుపు మాట మాత్రమే చెప్పి ఫీజు పుచ్చుకొనువాడును, భయమును మాత్రమే చెప్పి రాజీకి తోయువాడును సమానముగ తప్పినవారే.

ఉపసంహారము

పై చరిత్రనుండి మూడంశములు తేలుచున్నవి. వాడియా కాలమున పనివాని పక్షమున పలికినవానికి రక్షణ కావలసి వచ్చినది. దానిని 1926 చట్టము కల్పించినది. గిరిగారి కాలమున పనివాడు తన సంఘము ద్వారా తానే పలుకవలెనని ఆశించిరి. అందుకే 1947 చట్టము వకీలును వాకిట నిలిపినది. నేటి సాఫ్ట్‌వేరు ఉద్యోగికి సంఘము బలహీనము, ఒడంబడిక పొడుగు, దాని భాష ఇంగ్లీషు, కచేరి కన్నడదేశమున. వాని పక్షమున పలుకువాడు చాలచోట్ల న్యాయవాది యొక్కడే. కావున వృత్తిధర్మము న్యాయవాదుల యింటిగుట్టు కాదు, పనివాని సొత్తు. దానిని పనివాడును తెలిసికొని యుండవలెను.

తెలుగు సంఘములు ఇందు చేయదగిన పని కొంత కలదు. వకాల్తునామాపై సంతకము చేయుటకు ముందు ఉద్యోగి అడుగవలసిన ప్రశ్నలను తెలుగున ఒక పత్రముగా అచ్చువేయించి పంచవచ్చును. "మీరు ఈ సంస్థకు మునుపు సలహా చెప్పితిరా? ఫీజు ఎంత, ఏ దశలో నెంత? నా కాగితములకు రశీదు ఇత్తురా? ఈ వ్యాజ్యమున నాకు ప్రతికూలమైన తీర్పు లేవి?" అను నాలుగు ప్రశ్నలు చాలును. ఆదాయ పరిమితి లేక పారిశ్రామిక కార్మికులకును, స్త్రీలందరికిని 1987నాటి న్యాయసేవా ప్రాధికారముల చట్టము ఉచిత న్యాయసహాయమునకు హక్కు నిచ్చుచున్నదని కూడ అందు చేర్పవలెను. ఈ ప్రశ్నలకు విసుగక బదులు చెప్పు న్యాయవాదులు బెంగుళూరున లేకపోలేదు. అడుగు అలవాటు మనవారి కలవడినచో అట్టివారి సంఖ్య యింకను పెరుగును.